నల్లాలకు మోటార్లు బిగించి హక్కుల మాటలా?

సంపాదకుడికి,

డిసెంబరు 10న మానవ హక్కుల దినోత్సవం నాడు మా ఊళ్లో జరిగిన సభ గురించి మీ పత్రికలో ఫొటోతో సహా వార్త వేశారు. వారం నుంచి రాద్దామా వద్దా అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ పొద్దున జరిగింది చూశాక ఊరుకోలేకపోయాను.

మా కాలనీలో రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, అదీ గంట సేపే. నీళ్లు వదలగానే ఇంటింటా మోటార్లు మొదలవుతాయి. అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ, ఎవరి స్తోమత కొద్దీ వాళ్లు నేరుగా నల్లా పైపుకే బిగించుకున్నారు. సంపులు నిండి, మిద్దె మీది ట్యాంకులు పొర్లి నీళ్లు రోడ్డు మీద పారుతుంటాయి. చివరి వీధి నల్లాల్లో మాత్రం గాలి తప్ప చుక్క రాదు. అక్కడ ఉండేది పాలమూరు నుంచి అడ్డా కూలికి వచ్చిన కుటుంబాలు. ఇవాళ ఆ వీధి నుంచి ఒకామె రెండు బిందెలతో వచ్చి, "అమ్మా, పనికి టైమైతాంది, జర నీళ్లు పట్టుకుంట" అని మా గేటు దగ్గర నిలబడింది. పక్కింటాయన పైపుతో కారు కడుగుతూ, అడ్డం జరగమని ఆమెను కసిరాడు.

దాచేదేం లేదు, రెండేళ్లు మా ఇంట్లోనూ మోటారు ఉండేది. మా అబ్బాయి బిగించాడు, నేను వద్దనలేదు. అందరూ పెట్టుకున్నాక మనం పెట్టకపోతే మనకే రావు అనుకున్నాను. అది నిజమే, రావు. ఒకరు పెడితే పక్కవాళ్లకూ పెట్టక తప్పని పరిస్థితి వస్తుంది. పోయిన ఎండాకాలం తీయించేశాను. ఇప్పుడు ఎనిమిది బిందెలు వస్తున్నాయి, మాకు చాలు. ఇంకో సంగతి, మోటారు గుంజితే లైన్‌లో ప్రెషర్ పడిపోయి, పైపు పగిలిన చోట పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. ఆ నీళ్లే అందరి పిల్లలూ తాగుతారు.

సభలో జీవించే హక్కు గురించి గంటల తరబడి మాట్లాడారని మీరే రాశారు. శుభ్రమైన నీళ్లు ఆ హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2010లో ఐక్యరాజ్యసమితీ తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. నేను ముప్పై ఏళ్లు సోషల్ పాఠం చెప్పినదాన్ని. 1948 నాటి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో 30 అధికరణలుంటే మొదటిది అందరి నోటా వస్తుంది. ప్రతి మనిషికీ సమాజం పట్ల బాధ్యతలు ఉంటాయని, ఎదుటివారి హక్కులను గౌరవించే మేరకు మన హక్కులకు హద్దు ఉంటుందని 29వది చెబుతుంది. దాన్ని ఎవరైనా ఎత్తినట్టు మీ వార్తలో లేదు.

ఇదేమన్నా నీళ్ల కష్టం తెలియని జిల్లానా? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని మన కళ్లతో చూశాం. ఆ గోడు దేశానికి వినిపించాలని 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. అంత కొట్లాడి తెచ్చుకున్న కృష్ణా నీళ్లతో కార్లు కడుగుతున్నాం.

అధికారులకు మూడుసార్లు రాసిచ్చాను, రసీదులు నా దగ్గరున్నాయి. ఒక్కసారి తనిఖీకి వచ్చారు. వాళ్లకంటే ముందే ఫోన్లు వచ్చాయి, మోటార్ల మీద గోనెపట్టాలు పడ్డాయి. వచ్చినవాళ్లు ఆ పట్టాలు ఎత్తి చూడలేదు. నల్లా బిల్లు బాకీ ఉంటే మాత్రం గేటు ముందు నుంచి కదలరు. ఏ ఆఫీసుకు వెళ్లినా ఇంతే. పేదవాడి దరఖాస్తు కట్టలో పడుంటుంది, తెలిసినవాడి పని ఫోన్ మీద అయిపోతుంది.

వెనకటి రోజులే మేలని నేను అనను. నా చిన్నతనంలో మా ఊరి బావి గిలక ముట్టే అర్హత అందరికీ లేదు. కొందరు దూరంగా కుండలు పెట్టుకుని ఎవరైనా పోస్తారేమోనని ఎదురుచూసేవాళ్లు. ఇవాళ గేటు బయట నిలబడ్డ ఆ తల్లిని చూస్తే ఆ బావే కళ్ల ముందు కదిలింది.

అధికారులను అడిగేది ఒక్కటే. నీళ్లు వదిలే రోజు పొద్దున ఆరింటికి, ఎవరికీ చెప్పకుండా, మొదట మా చివరి వీధికి రండి. అక్కడి నల్లా తిప్పి చూసి, తర్వాత మా గేట్లలోకి రండి. గోనెపట్టాలు నేను ఎత్తి చూపిస్తాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా