విసిరే చేతికి వస్తువు అందిస్తున్నది ఎవరు? బేస్‌బాల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ గారికి,

నమస్కారం. మేం అమెరికాలో ఉంటూ బేస్‌బాల్‌ను శ్రద్ధగా చూసే తెలుగువాళ్ళం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాం. మావాళ్ళలో చాలామందికి క్రికెట్ స్టేడియంలో సీసాలు పడటం తెలుసుగాని, ఇక్కడి బేస్‌బాల్ పార్కుల్లో, అంటే స్టేడియాల్లోనూ అదే జరుగుతోందని తెలియదు. అందుకే తెలుగులోనూ రాస్తున్నాం.

ప్రేక్షకులు ఆటగాళ్ళ మీదికి ఏదైనా విసిరిన ప్రతిసారీ మీ ఆఫీసూ, ఆ క్లబ్బూ కలిసి చేసేది ఒకటే: వీడియో వెతికి మనిషిని పట్టుకోవడం, పార్కులకు రాకుండా నిషేధించడం, ఒక ప్రకటన ఇవ్వడం. అది చేయాల్సిందే, తప్పు పట్టడం లేదు. కాని ఆ వస్తువు అతని చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. జరిగిన సంఘటనలు వరసగా పెట్టి చూస్తే జవాబు చాలాసార్లు ఒకటే వస్తుంది. దాన్ని లోపల అమ్మిందో, ఉచితంగా పంచిందో, గేటు దగ్గర రానిచ్చిందో క్లబ్బే.

1974 జూన్ 4న క్లీవ్‌లండ్‌లో టెక్సస్ రేంజర్స్‌తో మ్యాచ్‌కు బీరు పది సెంట్లకు పోశారు. ఒకసారికి ఆరు కప్పులు మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది, ఎన్నిసార్లు కొనవచ్చన్న లెక్క లేదు. అంతకు వారం ముందే టెక్సస్‌లో ఈ రెండు జట్లూ కొట్టుకున్నాయి కూడా. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో మామూలుగా అదే ఆఖరిది) స్కోరు 5–5 ఉండగా జనం మైదానంలోకి దూకారు, అంపైర్ మ్యాచ్‌ను టెక్సస్ రేంజర్స్‌కు ఇచ్చేశారు. 1995 ఆగస్టు 10న డాడ్జర్ స్టేడియంలో గేటు దగ్గరే ప్రేక్షకులకు బేస్‌బాల్ బంతులు కానుకగా పంచారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో అంపైర్ డాడ్జర్స్ ఆటగాడు మాండెసీని, మేనేజర్ లాసోర్డాను బయటికి పంపేసరికి ఆ కానుకలన్నీ మైదానంలోకి తిరిగొచ్చాయి. ప్రత్యర్థి జట్టు కార్డినల్స్ గెలిచినట్టు ప్రకటించారు. మేజర్ లీగ్‌లో అలా వదులుకున్న మ్యాచ్ ఆ తర్వాత మరొకటి లేదు. 2012లో అట్లాంటాలో ఇన్‌ఫీల్డ్ ఫ్లై తీర్పు (గాల్లోకి లేచిన తేలికైన బంతిని ఫీల్డర్ పట్టకముందే బ్యాటర్ అవుటని అంపైర్ చెప్పడం) మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సీసాల వాన కురిసింది. 2016 అక్టోబరులో టొరాంటోలో క్యాచ్ పడుతున్న ఒరియోల్స్ ఫీల్డర్ హ్యూన్ సూ కిమ్ పక్కన బీరు డబ్బా పడింది. 2022 ఏప్రిల్ 23న యాంకీ స్టేడియంలో ఆట ముగిసిన క్షణంలోనే గార్డియన్స్ అవుట్‌ఫీల్డర్ల మీద సీసాలు, డబ్బాలు వచ్చి పడ్డాయి. 2024 అక్టోబరు 6న మళ్ళీ డాడ్జర్ స్టేడియంలోనే పాడ్రేస్ ఆటగాడు ప్రొఫార్ వైపు బంతులు విసిరారు, ఏడో ఇన్నింగ్స్‌లో ఆట నిలిచిపోయింది.

ఇంటి నుంచి తెచ్చి విసిరిన రోజులూ ఉన్నాయి. 1980లో పిట్స్‌బర్గ్‌లో ఆ ఊరి జట్టు ఆటగాడు డేవ్ పార్కర్ మీదికి సొంత ఊరి జనమే బ్యాటరీ విసిరారు. 1999లో ఫిలడెల్ఫియాలో కార్డినల్స్ ఆటగాడు జె.డి. డ్రూ మీదికి లావు బ్యాటరీలు విసిరారు. అంతకు చాలా ముందు అదే ఊళ్ళో సొంత జట్టు ఆటగాడు డిక్ అలెన్, జనం విసిరేవాటికి భయపడి, ఫీల్డింగ్ చేస్తూ కూడా తలకు హెల్మెట్ పెట్టుకోవాల్సి వచ్చింది. పార్కర్, అలెన్ ఇద్దరినీ 2025లో ఒకేసారి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2015 నుంచి అన్ని పార్కుల గేట్ల దగ్గరా మెటల్ డిటెక్టర్లు తప్పనిసరి చేశారు గనుక బ్యాటరీలు లోపలికి తేవడం కష్టమైంది. అయితే మెటల్ డిటెక్టర్‌కు ప్లాస్టిక్ సీసా కనపడదు, లోపల అమ్మే డబ్బా దాని కింద నుంచి రాదు.

ఇక ఆ సీసా ఎంత దెబ్బ కొడుతుందో లెక్క చూద్దాం. నిండుగా ఉన్న అర లీటరు నీళ్ళ సీసా అర కిలో పైనే తూగుతుంది. 20 మీటర్ల ఎత్తున్న పై అంతస్తు నుంచి ఊరికే జారవిడిచినా కింద పడేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దాని శక్తి సుమారు 100 జౌళ్ళు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే పిచ్‌ది (పిచ్చర్ బ్యాటర్ వైపు విసిరే బంతిది) సుమారు 117 జౌళ్ళు. గాలి కొంత తగ్గిస్తుంది, విసిరే చెయ్యి కొంత కలుపుతుంది. ఆ పిచ్‌ను ఎదుర్కొనే బ్యాటర్‌కు హెల్మెట్ ఉంది, బంతి ఎటు నుంచి వస్తుందో తెలుసు. అవుట్‌ఫీల్డర్‌కు నెత్తిన ఉన్నది గుడ్డ టోపీ, సీసా వచ్చేది వీపు వెనక నుంచి.

మూత బిగించి సగానికి పైగా నిండి ఉన్న సీసా అన్నిటికంటే ప్రమాదకరం. బరువు లోపలే ఉంటుంది కాబట్టి దూరం పోతుంది. మూత లేని సీసా చెయ్యి దాటగానే నీళ్ళు చిమ్ముకుంటూ పల్టీలు కొడుతుంది, గురి కుదరదు. కప్పు సంగతి సరేసరి, విసిరినవాడి ముందు వరసే తడుస్తుంది. 25 ఔన్సుల పొడుగు బీరు డబ్బాలో సుమారు 740 మిల్లీలీటర్లు పడుతుంది. అమ్మేవాళ్ళు మూత తెరిచి ఇచ్చినా చిన్న కన్నం గనుక బీరు తొందరగా కారదు, బరువు దాదాపు అలాగే ఉంటుంది. పది సెంట్ల రోజులు పోయి ఇప్పుడు ఆ డబ్బా ఖరీదు చూస్తే విసరడానికి చెయ్యి రాదనుకుంటాం, కాని వస్తోంది.

కాబట్టి మా మొదటి కోరిక: అవుట్‌ఫీల్డ్ సీట్లలోనూ, పై అంతస్తు ముందు వరసల్లోనూ డబ్బా అమ్మితే కప్పులో పోసే ఇవ్వాలి, నీళ్ళ సీసా అమ్మితే మూత తీసి ఇవ్వాలి. ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాం. వరసల మధ్య తిరుగుతూ అమ్మేవాళ్ళకు ఒక చేత్తో డబ్బాల పెట్టె, ఇంకో చేత్తో డబ్బులు. పోయడానికి మూడో చెయ్యి లేదు. తొందరలో పోస్తే సగం నురగే. అందుకని ఆ సెక్షన్లలో తిరిగి అమ్మడం మానేసి, వెనక నడవాలోని కౌంటర్ల దగ్గరే పోసి ఇవ్వాలి. క్యూ పెరుగుతుంది, ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాలి. ఆ ఖర్చు క్లబ్బు భరించలేనిదేం కాదు. చాలా పార్కులు బయటి నుంచి సీల్ తీయని నీళ్ళ సీసా తెచ్చుకోనిస్తాయి. జులై ఎండలో దాన్ని ఆపమని మేం అడగం. గేటు దగ్గర మూత తీసి బుట్టలో వేయించుకోండి, చిన్నపిల్లలతో వచ్చినవాళ్ళకు మూత బదులు స్ట్రా మూత ఉన్న కప్పు ఇవ్వండి.

బీరు అమ్మకం ఎప్పుడు ఆపాలన్నది రెండో మాట. ఏడో ఇన్నింగ్స్ చివర ఆపడం పాత అలవాటు. 2023లో పిచ్ క్లాక్ (పిచ్చర్ ఇన్ని సెకన్లలో బంతి విసరాలని పెట్టిన గడియారం) వచ్చాక సగటు మ్యాచ్ మూడు గంటల పై నుంచి 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. అమ్మే సమయం తగ్గిందని బ్రూవర్స్, రేంజర్స్, ట్విన్స్, డైమండ్‌బ్యాక్స్ వంటి క్లబ్బులు ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. పైన క్లీవ్‌లండ్ నుంచి 2024 దాకా వరసగా రాసిన ఆరు సంఘటనలు ఏ ఇన్నింగ్స్‌లో జరిగాయో మళ్ళీ ఒకసారి చూడండి, అన్నీ ఏడు, ఎనిమిది, తొమ్మిదిలోనే. తాగినవాడికి నిషా తగ్గేది ఇన్నింగ్స్ లెక్కన కాదు, గడియారం లెక్కన. ఆట 25 నిమిషాలు తగ్గితే అమ్మకం ఇంకా ముందే ఆపాలి గాని పొడిగించకూడదు. అన్ని క్లబ్బులకూ ఒకే గీత గీయండి: ఆరో ఇన్నింగ్స్ చివర. వాళ్ళు ఒప్పుకోరని తెలుసు. కనీసం ప్లేఆఫ్స్‌లోనైనా ఏడు దాటనివ్వకండి.

కానుకల విషయం తేలిక. బంతి, బొమ్మ, మగ్గు, ఇలా గట్టివి ఏవైనా సరే, లోపలికి వచ్చేటప్పుడు కాకుండా వెళ్ళేటప్పుడు ఇవ్వండి. మొబైల్ టికెట్‌లో కూపన్ పెట్టి, ఏడో ఇన్నింగ్స్ తర్వాత గేటు బయట స్కాన్ చేసి చేతికివ్వడం ఏమంత కష్టం? క్లబ్బులు ఎందుకు చేయవంటే, బొమ్మ కోసం జనం రెండు గంటలు ముందు వచ్చి లోపల తిండికి ఖర్చు పెడతారు కాబట్టి. ఇందులో భద్రతకు సంబంధించిన కారణం ఒక్కటీ మాకు కనపడలేదు.

ఇక బంతి తిరిగి విసిరే ఆచారం. పరాయి జట్టు హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) బంతిని మైదానంలోకి విసరడం షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో ముచ్చట. ఇప్పుడు అన్నిచోట్లా పాకింది. అసలు బంతి దాచుకుని, విసరడానికి జేబులో వేరే బంతి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. 2018 సెప్టెంబరులో ఫెన్‌వే పార్కులో యాంకీస్ ఆటగాడు స్టాంటన్ హోమ్ రన్ కొట్టి బేస్‌లు చుడుతుండగా పై నుంచి తిరిగి విసిరిన బంతి ఆయనకే తగిలింది. 2021 జులై 17న యాంకీ స్టేడియంలో రెడ్ సాక్స్ ఫీల్డర్ వెర్డుగో తన అభిమానికి ఇచ్చిన బంతిని వేరొకరు అందుకుని ఆయన వీపుకే గురిపెట్టారు. ఆరో ఇన్నింగ్స్ అది, వాన పడుతోంది. ఆ మనిషిని జీవితాంతం నిషేధించారు. విసరడం ముచ్చటైతే ఎవరికీ తగలనంత కాలమే ముచ్చట. తగిలిన రోజున నేరం. ఒకే పనిని ఒకచోట చప్పట్లతో, ఇంకోచోట నిషేధంతో పలకరిస్తే జనానికి ఏం అర్థమవుతుంది? 30 పార్కుల్లోనూ ఆపించండి. రిగ్లీ బ్లీచర్స్‌లో (అవుట్‌ఫీల్డ్ వెనక సీట్లలో) కూర్చునేవాళ్ళకు కోపం వస్తుంది. రానివ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైంది రూలు. ఇప్పుడున్న 4.07 ప్రకారం హోమ్ టీమ్ తగినంత పోలీసు రక్షణ పెట్టాలి. ఎవరైనా మైదానంలోకి దిగి ఆటకు అడ్డుపడితే, మైదానం ఖాళీ చేసేదాకా విజిటింగ్ టీమ్ ఆడనని చెప్పవచ్చు. కనీసం 15 నిమిషాలు చూసి అంపైర్ మ్యాచ్‌ను వాళ్ళకివ్వవచ్చు. బాగుంది. కాని ఆ రూలు మాట్లాడేది మనుషులు దిగడం గురించే, వస్తువులు దిగడం గురించి కాదు. పైగా 7.03 ప్రకారం ఆడటానికి నిరాకరించిన జట్టే మ్యాచ్ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. వెర్డుగోకు బంతి తగిలినప్పుడు రెడ్ సాక్స్ మేనేజర్ కోరా తన ఆటగాళ్ళను లోపలికి పిలిచారు. దెబ్బ తిన్న జట్టు రూలు పుస్తకానికి భయపడుతూ డగౌట్‌కు (జట్టు కూర్చునే చోటికి) పోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. 1934 వరల్డ్ సిరీస్ ఏడో గేమ్‌లో డెట్రాయిట్ జనం ప్రత్యర్థి జట్టు ఆటగాడు జో మెడ్విక్ మీదికి పళ్ళు, సీసాలు విసిరితే, మీ కుర్చీలో కూర్చున్న లాండిస్ గారు మెడ్విక్‌నే ఆట నుంచి తప్పించారు. దెబ్బలు తిన్నవాడినే బయటికి పంపిన ఆ తీర్పు ఇంకా రూలు పుస్తకంలో నీడలా ఉంది.

అంపైర్లకు మూడు మెట్లు రాసివ్వండి. మొదటి వస్తువు పడగానే ఆట ఆపి మైకులో హెచ్చరిక. రెండోసారికి రెండు జట్లూ డగౌట్‌లోకి, ఆ సెక్షన్ మొత్తం ఖాళీ. మూడోసారికి క్రూ చీఫ్ (అంపైర్ల పెద్ద) మ్యాచ్‌ను విజిటింగ్ టీమ్‌కు ఇవ్వవచ్చు. పరాయి జట్టు అభిమానే మ్యాచ్ లాక్కోవడానికి సీసా విసిరితే ఏం చేయాలన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే మూడో మెట్టు తప్పనిసరి కాకుండా క్రూ చీఫ్ ఇష్టానికి వదలమంటున్నాం. యూరప్ ఫుట్‌బాల్‌లో చేస్తున్నట్టు, గొడవ జరిగిన స్టాండ్‌ను తర్వాతి హోమ్ మ్యాచ్‌లకు మూసేసే అధికారం కూడా మీ దగ్గర ఉంచుకోండి. మా క్రికెట్‌లో 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్‌ను ఇండియా 120/8 దగ్గర ఉండగా జనం సీసాలు విసరడంతో ఆపేసి శ్రీలంకకు ఇచ్చేశారు. ఇండియాలో ఆ రోజును ఎవరూ మర్చిపోలేదు.

క్లబ్బులకు జరిమానా వేసే అధికారం మీకు ఉంది. 2020లో ఆస్ట్రోస్ క్లబ్బుకు 50 లక్షల డాలర్లు వేశారు కదా. భద్రతా సిబ్బంది ఆట వైపు తిరిగి నిలబడితే, ఆట గెలిచిన క్షణంలో అవుట్‌ఫీల్డ్ గోడ దగ్గర మనిషి లేకపోతే, దానికీ ఒక ధర ఉండాలి. 2022లో జరిగింది సరిగ్గా ఆ క్షణంలోనే. గెలిచినవాళ్ళు ఇన్‌ఫీల్డ్‌లో ఎగురుతుంటారు, కెమెరాలన్నీ అటే ఉంటాయి, ఓడిన అవుట్‌ఫీల్డర్లు జనానికి దగ్గరగా ఒంటరిగా ఉంటారు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికే వార్నింగ్ ట్రాక్ (అవుట్‌ఫీల్డ్ గోడ ముందుండే మట్టి దారి) మీద, ముఖం జనం వైపు తిప్పి, మనుషులు నిలబడి ఉండాలి.

2017లో యాంకీ స్టేడియంలో ఫౌల్ బంతి ఒక చిన్నపాపకు తగిలాక, తర్వాతి సీజన్‌కల్లా 30 పార్కుల్లోనూ వలలు డగౌట్ చివరిదాకా పొడిగించారు. మైదానం నుంచి జనం మీదికి వచ్చే దెబ్బకు అంత త్వరగా కదిలారు. రూలు మార్పుకు సమయం పడుతుంది, ఆటగాళ్ళ సంఘంతోనూ అంపైర్లతోనూ మాట్లాడాలి. సీసా మూతలకూ, కప్పులకూ అదేం అక్కర్లేదు. క్లబ్బులకు మీ ఆఫీసు నుంచి ఒక మెమో చాలు, అది ఈ ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్ లోపు వెళ్ళాలని కోరుతున్నాం.

ఇట్లు,
అమెరికాలోని తెలుగు బేస్‌బాల్ అభిమానులు కొందరం