ఎనిమిదో తరగతి చీటీ, అందులో ఒక్క ‘డౌట్’

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖ సైన్స్ ప్రదర్శన గురించి రాద్దామనుకుని ఫొటోలు కూడా ఏరిపెట్టుకున్నాను, అవి వచ్చే నెలకు పోయాయి. ఎందుకంటే పోయిన గురువారం నుంచి గేటు దగ్గరా, మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తున్న చర్చ ప్రదర్శన గురించి కాదు, ఎనిమిదో తరగతిలో కనబడకుండా పోయిన జామెట్రీ బాక్సు గురించి. తిరుగుతున్న మాటల్లో సగం తప్పు. ఆ తప్పు తీసుకెళ్ళి ఒక పిల్లాడి నెత్తిన పెడుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మంచిది.

గురువారం మధ్యాహ్నం ఒక అబ్బాయి బాక్సు పోయింది. చుట్టుపక్కల బెంచీల వాళ్ళను తమకు తెలిసింది చీటీ మీద రాసివ్వమని టీచర్ అడిగారు. అందులో ఒకడు తన పక్కన కూర్చునే స్నేహితుడి గురించి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాశాడు. రోజంతా నేను వాడి పక్కనే ఉన్నాను అని మొదటిది. ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అని రెండోది. కావాలంటే మా ఇద్దర్నీ అడగండి అని మూడోది. టీచర్ ఆ రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, ‘వాడే తీశాడని నా డౌట్’ అని చదువుకుని, ఆ స్నేహితుడి బ్యాగ్ క్లాసు మొత్తం చూస్తుండగా తెరిపించారు. ఏమీ దొరకలేదు. మర్నాడు పొద్దున బాక్సు ల్యాబ్ బల్ల సొరుగులో బయటపడింది, పోగొట్టుకున్నవాడే అక్కడ పెట్టి మర్చిపోయాడు.

ఈలోగా చీటీ రాసిన అబ్బాయికి ‘స్నేహితుడి మీద చాడీలు చెప్పేవాడు’ అనే పేరు వచ్చేసింది. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, మనమే. కాబట్టి దయచేసి ఈ వాక్యం కాస్త నిదానంగా చదవండి: ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అంటే ఇంగ్లిష్‌లో ‘వాడు తీసుంటాడని నేను అనుకోను’ అని అర్థం. వాడు స్నేహితుణ్ణి వెనకేసుకొచ్చాడు. పక్కనే ఉన్నానని సాక్ష్యం చెప్పి, వాడు తీసుండడని రాసి, నన్ను కూడా అడగండి అని తను ముందుకొచ్చాడు. పదమూడేళ్ళ పిల్లాడు ఒక క్రియను సరిగ్గా వాడితే పెద్దవాళ్ళం దాన్ని తలకిందులుగా చదివాం. మనం అని ఎందుకంటున్నానంటే, బ్యాగ్ తెరవకముందే ఆ చీటీ నా బల్ల మీదికి వచ్చింది, నేనూ చదివి తలూపాను. ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ పాఠాలు చెప్పి ఈ పదవిలోకి వచ్చినదాన్ని. రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

శనివారం ఉదయం అదే క్లాసులో, అదే పిల్లల ముందు, టీచరూ నేనూ ఆ ఇద్దరికీ సారీ చెప్పాం. ఇకమీదట ఎవరి బ్యాగూ అందరి ముందూ తెరవం, అవసరమైతే ముందు ఇంటికి ఫోన్ చేస్తాం. బయటికి వస్తుంటే చీటీ రాసినవాడు నా వెనకే వచ్చి, ‘మేడమ్, ఈసారి నుంచి ఐ డోంట్ థింక్ అని రాస్తాను, అదైతే అందరికీ అర్థమవుతుంది కదా’ అన్నాడు. కోపంగా కాదు, మనకు సాయం చేస్తున్నట్టు అన్నాడు! వద్దు నాన్నా, నువ్వు రాసిందే రాయి, చదవడం మేం నేర్చుకుంటాం అన్నాను. వాడి పేరు ఇక్కడ రాయాలని నాకు చాలా ఉంది కానీ వాళ్ళమ్మగారు వద్దన్నారు.

వాడికి ఆ మాట అంత బాగా ఎలా తెలుసు అంటారా? మూడు వారాల క్రితం మా ఇంగ్లిష్ టీచర్ ఎనిమిదో తరగతిలో ఈ ఒక్క ‘డౌట్’ మీద వరసగా రెండు పీరియడ్లు తీసుకున్నారు. గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు కూడా నాకు ఫోన్లు వచ్చాయి. ‘అందరికీ తెలిసిన మాటకు రెండు పీరియడ్లా మేడమ్, సిలబస్ ఎప్పుడవుతుంది’ అని. మీ ఓపికకు, శ్రద్ధకు ధన్యవాదాలు. అందరికీ తెలిసిన మాట కాబట్టే రెండు పీరియడ్లు. తెలియని మాటైతే అర్థం రాసుకుని వదిలేస్తాం, తెలుసనుకున్న మాట దగ్గరే బోల్తా పడతాం.

ఆ పాఠం సారం మీకూ చెప్తాను. డౌట్ అనే మాటను మనం తెలుగులోకి తెచ్చుకుని మూడు రకాలుగా వాడుకుంటున్నాం. క్లాసులో ‘సార్, డౌట్’ అంటే అడగాల్సిన ప్రశ్న. ‘నాకు వాడి మీదే డౌట్’ అంటే అనుమానం. ‘ఆయన రావడం డౌటే’ అంటే నమ్మకం లేకపోవడం. ఇంగ్లిష్‌లో డౌట్ అనే క్రియ మామూలుగా ఈ మూడో పనే చేస్తుంది. అనుమానానికి వాళ్ళకు ‘సస్పెక్ట్’ అని వేరే మాట ఉంది, ప్రశ్నకు ‘క్వశ్చన్’ ఉంది. అంటే ‘ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్’ అంటే తీశాడనే అనుకుంటున్నాను అని, ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అంటే తీయలేదనే అనుకుంటున్నాను అని. మన తెలుగులో ఒకే మాట కింద కాపురం చేస్తున్న ఈ రెండూ ఇంగ్లిష్‌లో ఎదురెదురు గడపలు. నిఘంటువులో ‘సందేహం, అనుమానం, శంక’ అని వరసగా ఉన్నది చూసి అన్నీ ఒకటేననుకుంటే గురువారం జరిగిందే జరుగుతుంది.

పాఠం మధ్యలో వెనక బెంచీ అమ్మాయి ఒకటి కనిపెట్టింది, అది ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. ‘వాన పడుతుందని డౌట్’ అంటే పడేలా ఉందని, ‘వాన పడటం డౌటే’ అంటే పడేలా లేదని, తెలుగులోనే రెండూ వేరుగా ఉన్నాయి కదా, ఇంగ్లిష్ డౌట్ మన ‘డౌటే’ లాంటిది అంది. ఒక్క ఏత్వం పట్టుకుని! ఆ రోజు నుంచి క్లాసులో అందరూ దాన్ని ‘డౌటే సూత్రం’ అంటున్నారు. తెలుగు బాగా వచ్చిన పిల్లకే ఇది తడుతుంది, ‘ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవుతుంది’ అని మీటింగుల్లో నాతో వాదించే పెద్దమనుషులు ఈ వాక్యాన్ని దయచేసి రెండుసార్లు చదవాలి.

ఇంకో అమ్మాయి, ఏడో తరగతి, అక్క దగ్గర ఈ గొడవంతా విని లైబ్రరీలో కూర్చుంది. డౌట్ స్పెల్లింగులో పలకని ‘బి’ మధ్యలో ఎందుకుంది అనేది ఆమె ప్రశ్న. మూలం లాటిన్‌లోని ‘దుబితారె’, అక్కడ బి ఉంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పటికి ఆ బి రాలిపోయింది, చాలాకాలం ఇంగ్లిష్‌వాళ్ళు బి లేకుండానే రాశారు. తర్వాత లాటిన్ చదువుకున్న పండితులు మూలంలో ఉంది కదా అని దాన్ని తెచ్చి మళ్ళీ రాతలో పెట్టారు. జనం మాత్రం పలకలేదు. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో పలకని బి కథ కూడా ఇదే. అంటే మన పిల్లలు స్పెల్లింగ్ టెస్టులో పోగొట్టుకుంటున్న అరమార్కు ఆ పండితుల పుణ్యమే. ఆమె అక్కడితో ఆగలేదు. ఆ లాటిన్ మాటకు వేరు రెండు అనే అర్థమున్న ‘దువో’ అని, అది మన ‘ద్వి’కి చుట్టమని, జర్మన్‌లో డౌట్‌ను ‘ట్స్వైఫెల్’ అంటారని, అందులో కూడా రెండు అనే ‘ట్స్వై’ ఉందని చూపించింది. మనసు రెండు వైపులా ఊగడమన్నమాట. చూపించి ఊరుకుందా, ‘మరి మేం క్లాసులో డౌట్ అని చెయ్యెత్తినప్పుడు మనసు ఊగడం లేదు కదా మేడమ్, అసలేమీ తెలియడం లేదు కదా’ అంది. స్టాఫ్ రూంలో ఈ మాట చెప్పి అందరం ఎంత నవ్వామో.

అలాగని పిల్లలు ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే తిట్టకండి. మన దగ్గర అది అందరికీ అర్థమయ్యే వాడుక, నేనూ అంటాను. స్పానిష్‌వాళ్ళు కూడా ప్రశ్నకు తమ ‘దూదా’ అనే మాటే వాడతారు, అందుకే ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు వాళ్ళ నోటా ఇదే వాక్యం వస్తుంది. స్కాట్లాండ్‌లోనైతే ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడేలానే ఉంది అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు, ఆ మాటకు పాతకాలంలో భయపడటం అనే అర్థం ఉండేది, దాని మిగులు అది. (ఈ సంగతి విని మా ఎనిమిదో తరగతి టీచర్ ‘అయితే నేను స్కాట్లాండ్ పద్ధతిలో చదివాను మేడమ్’ అన్నారు. ఆవిడ ఈ వారంలో నవ్వింది అప్పుడే.) వాడుక ఎక్కడ ఎలా మారుతుందో తెలిసుండాలి, అంతే. ‘నో డౌట్’ అని ఉత్తరాల్లో ధీమాగా రాస్తుంటారు చూడండి, చాలాచోట్ల దానికి ‘బహుశా’ అన్నంత బలమే ఉంటుంది, నిజంగా తిరుగులేదని చెప్పాలంటే ‘వితౌట్ ఎ డౌట్’ అనాలి. ‘బెనిఫిట్ ఆఫ్ ది డౌట్’ మాత్రం క్రికెట్ చూసే ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, అంపైర్‌కు ఖాయంగా తెలియనప్పుడు బ్యాట్స్‌మన్‌ను అవుట్ ఇవ్వకపోవడం. గురువారం మేం ఆ పిల్లాడికి ఇవ్వకుండా పోయింది అదే.

ఇక నా పాత పాట. నవ్వుకుంటే నవ్వుకోండి, ప్రతి ఏడూ పాడేదే: ఇంట్లో ఒక ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీ పెట్టండి, అదీ నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసింది. ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ, తోటి ఉపాధ్యాయులతో కలిసి, 1942లో అలాంటిది తెచ్చారు. మాటకు అర్థం చెప్పి వదిలేయకుండా, దాన్ని వాక్యంలో ఎలా పెట్టాలి, దాని వెనక ఏ మాట వస్తుంది అని చూపించడం ఆ పుస్తకం పని. ఇప్పుడొచ్చే లర్నర్స్ డిక్షనరీలన్నీ ఆ దారిలోనివే. అందులో ‘డౌట్’ తీస్తే అర్థం ఒకటి రెండు వరసలే, కింద ఉదాహరణ వాక్యాలు ఎన్నో ఉంటాయి, అవి చదివితే వెనక ‘దట్’, ‘వెదర్’, ‘ఇఫ్’ ఎలా వస్తాయో కంటికే తెలిసిపోతుంది. నా కోరిక చిన్నది. వారానికి ఒక్క మాట, అదీ పిల్లలకు ఇప్పటికే తెలుసనుకునే మాట, పుస్తకం తీసి ఆ వాక్యాలన్నీ పైకి చదవండి, ఆ తర్వాత తమ సొంత వాక్యం ఒకటి చెప్పించండి. పది నిమిషాలు పట్టదు. దానికి నేనేమీ మార్కులు వేయను, వర్క్‌షీట్ కూడా పంపను, ఒట్టు.

బదులుగా ఇళ్ళలో ఏం జరుగుతోందో నోటుబుక్కులు చెబుతూనే ఉన్నాయి. ఫోన్‌లో మాట కొట్టి మొదట వచ్చిన తెలుగు అర్థం రాయించి ‘అయిపోయింది, పడుకో’ అంటున్నారు. స్పెల్లింగ్ పదిసార్లు రాయిస్తున్నారు కానీ ఆ మాటతో ఒక్క వాక్యం అడగడం లేదు. ఒక నోటుబుక్కులో పాప శుభ్రంగా ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అని రాస్తే, ఇంట్లో ఎవరో ఎర్ర పెన్నుతో క్వశ్చన్ కొట్టేసి ‘డౌట్’ అని దిద్దారు. దిద్దిన శ్రద్ధకు నమస్కారం, కానీ ఎర్ర పెన్ను మాకు వదిలేయండి. ‘మా వాడికి డౌట్లు ఎక్కువ మేడమ్’ అని ఫిర్యాదులా చెప్పే నాన్నగార్లకు కూడా ఒక మాట, ఆ డౌట్లు అన్ని అర్థాల్లోనూ మాకు కావాలి, దయచేసి ఇంట్లో నోరు మూయించకండి. రాత్రి పదకొండు తర్వాత గ్రూపులో పిల్లల పేర్లతో తీర్పులు చెప్పడం కూడా ఆపితే అందరం నిద్రపోతాం.

చీటీ ఫొటో ఎవరి ఫోన్‌లోంచి బయటికి వెళ్ళిందో నేను ఆరా తీయను. మీ దగ్గరుంటే తీసేయండి. ఏ గ్రూపులో ఆ అబ్బాయిని చాడీకోరు అన్నారో అదే గ్రూపులో కాదని రాయండి. ఇది మాత్రం అభ్యర్థన కాదు. పిల్లలిద్దరూ ఇప్పటికీ ఒకే బెంచీలో కూర్చుంటున్నారు, సీట్లు మారుస్తామంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

మిగతావి గబగబా: యూనిట్ టెస్టుల టైంటేబుల్ డైరీలో అంటించాం, ఐడీ కార్డు పోయినవాళ్ళు ఆఫీసులో చెప్పండి, రెండో నంబరు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు వస్తుంది. లైబ్రరీ డిక్షనరీల్లో రెండు మాత్రం పోయినేడాది ఇంటికెళ్ళి ఇంకా తిరిగిరాలేదు, ఎవరి దగ్గరున్నాయో రిజిస్టర్‌లో ఉంది, నేనుగా ఫోన్ చేయకముందే పంపించేయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు