పాపికొండల బోటు వెనక్కి తిరిగితే డబ్బులు ఎవరివి? పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మీ నుంచి ఒకే ఒక్క ఉత్తర్వు కోరుతూ రాస్తున్నాను. గాలి వల్లో వరద వల్లో పాపికొండల బోటు ఆగిపోయినా, మధ్యలోంచి వెనక్కి తిప్పాల్సి వచ్చినా ప్రయాణికుడి టికెట్ డబ్బు అడక్కుండానే తిరిగి వచ్చేయాలి. ఆ రోజు బోటు యజమానికి అయిన డీజిల్, కూలీల ఖర్చు కూడా ఎంతో కొంత అతనికి దక్కాలి. చూడ్డానికి డబ్బుల గొడవలాగే ఉంటుంది. ప్రాణాల సంగతి అని ఎందుకు అంటున్నానో చెబుతాను.

మొన్న చలికాలంలో నేనూ మా ఆవిడా వెళ్లాం. రాజమండ్రి నుంచి గండి పోచమ్మ గుడి దాకా రోడ్డు మీద, అక్కడి నుంచి బోటు. రేవులో అంతా పద్ధతిగానే జరిగింది. పేర్లు రాసుకున్నారు, తలలు లెక్కపెట్టి ఎక్కించారు, తలా ఒక లైఫ్ జాకెట్ ఇచ్చారు. మా ఆవిడకు వచ్చినదానికి బకిల్ విరిగి ఉంటే ఒక కుర్రాడు నైలాన్ తాడు ముక్క తెచ్చి ముడేశాడు. "ఫోటోలప్పుడు తీసేయొచ్చులెండి మేడమ్" అన్నాడు, మర్యాదకే. మొదటి మలుపు తిరిగేసరికి సగం జాకెట్లు కుర్చీలకు వేలాడుతున్నాయి, పై డెక్కు మీద డాన్సులు మొదలయ్యాయి. (అంత ప్రశాంతమైన చోట స్పీకర్లు ఎందుకో నాకైతే అర్థం కాదు. దానికి ఇంకో ఉత్తరం రాయాలి.)

కొండల మధ్యకి వెళ్లేకొద్దీ గోదావరి సన్నబడుతుంది. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కంటికి ఆనని నది, అక్కడ రెండు కొండల నడుమ ఇరుక్కుని, తగ్గిన వెడల్పంతా లోతులో కలుపుకుంటుంది. పైకి పచ్చగా, కదలనట్టే ఉంటుంది. మలుపుల్లో సుడులు ఎక్కడుంటాయో ఆ నీటి మీద బతికేవాళ్లకే తెలుసు. సరిగ్గా అక్కడే మాకు గాలి ఎత్తుకుంది. బోటు ఒక పక్కకి ఒరిగి లేచింది. బోటు నడిపే సరంగు వేగం తగ్గించి, చివరి మజిలీ అయిన పేరంటాలపల్లి దాకా పోకుండా తిప్పేద్దామా అని గైడ్‌ను అడగడం నేను విన్నాను. గైడ్ ఆ మాట మైకులో అన్నాడో లేదో పైనుంచీ కిందనుంచీ ఒకటే అరుపులు. ఊరికే వచ్చామా, డబ్బులు కట్టలేదా, చూపించకపోతే సగం వెనక్కి ఇవ్వండి, ఎవడిస్తాడో చెప్పండి! యజమానికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. గైడ్ మొహంలో టెన్షన్ స్పష్టంగా కనిపిస్తోంది. చివరికి ముందుకే పోనిచ్చారు.

ఏమీ కాలేదు. పేరంటాలపల్లి గుడిలో దండం పెట్టుకున్నాం. అక్కడి గిరిజనులు కొండరెడ్లు అల్లిన వెదురు పూలసజ్జ ఒకటి మా ఆవిడ కొనుక్కుంది. ఏమీ కాలేదు కాబట్టే ఈ సంఘటన ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఆ బోటులో నదిని చదవగలిగిన మనిషి సరంగు ఒక్కడే. అతని మాట మాత్రం టికెట్ కొన్నవాళ్ల గోలలో కొట్టుకుపోయింది.

ఇదే నదిలో 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగింది. జల్లు లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలివాళ్లు బయటపడలేకపోయారు. పదహారు నెలలు తిరిగేసరికి, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు. ఎక్కినవాళ్లు 77 మంది, బతికి బయటపడింది 26 మంది. బోటును బయటికి లాగడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. బోటు మునిగిన రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది పది లక్షలకు. అది దిగువ ఊళ్ల కోసం, ఏటిగట్ల కోసం పెట్టిన లెక్క. కొండల మధ్య బోటుకి అందులో సగమే మృత్యువైంది. అంటే "ఇంకా హెచ్చరిక రాలేదుగా" అనే మాటకి అక్కడ విలువే లేదు.

ఆ 26 మందిలో చాలామందిని కాపాడింది పడవలేసుకుని వచ్చిన ఒడ్డు పల్లెల జనం. పోలవరం ముంపు కింద ఆ పల్లెలు చాలావరకు ఖాళీ అయ్యాయి. ఇవాళ కేక వేస్తే వినడానికి ఒడ్డున ఎవరున్నారు? అందుకే వెనక్కి తిరగాలన్న నిర్ణయం సకాలంలో జరగడం ఇప్పుడు మరీ ముఖ్యం.

కొత్త చట్టాలు అడగడం లేదు. బోటు రిజిస్ట్రేషన్, సామర్థ్య పరీక్ష, సిబ్బంది అర్హత, అన్నీ 2021 నాటి కేంద్ర అంతర్గత నౌకల చట్టంలో ఉన్నాయి. బోట్ల భద్రత కోసం 2020 జూన్‌లో మొదలుపెట్టిన తొమ్మిది కంట్రోల్ రూములూ మంచి ఆలోచనే. కానీ బోటు రేవు వదిలాక, గాలి లేచిన ఆ ఐదు నిమిషాల్లో "తిప్పేయ్" అనే మాటకి బోటులో ఒక్కడూ మద్దతు పలకడు. యజమానికి నష్టం, గైడ్‌కి తిట్లు, మాకు సెలవు పాడు.

ప్రతి టికెట్ మీద పది రూపాయలు పక్కన పెట్టి నిధి చేయండి. ఆగిన ట్రిప్పుల డబ్బు అందులోంచి, టికెట్ కొన్న ఖాతాకే వెళ్లిపోవాలి. తిప్పమన్న సరంగుని యజమాని పనిలోంచి తీసేయకుండా ఉత్తర్వులో ఒక వాక్యం ఉండాలి. విరిగిన బకిల్‌తో ఒక్క జాకెట్ కనిపించినా బోటు రేవు వదలకూడదు, ఇది కంట్రోల్ రూమ్ సిబ్బంది చేతిలో పనే.

ఈసారి వరద తగ్గి బోట్లు మళ్లీ మొదలయ్యేలోపు ఇది వస్తే సంతోషం. డబ్బు తిరిగి వస్తుందన్న సంగతి టికెట్ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. ఉత్తర్వు కాపీ ఒకటి సరంగుకీ ఇప్పించండి, అరిచేవాళ్లకి చూపించుకోవడానికి.

ఇట్లు,
పాపికొండలు చూసొచ్చిన ఒక ప్రయాణికుడు