పేరు పెట్టారు, కథ చెప్పలేదు

బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు గానీ, ఆమె ఎవరో తినే పిల్లలకే తెలియడం లేదు. మొన్న ఒక బడిలో వడ్డన వేళ ఐదో తరగతి పాపను అడిగితే, 'ఇక్కడ వంట చేసే ఆవిడేమో' అంది. పప్పు గరిటె పట్టుకున్న ఆయమ్మకూ తెలియదు. 1909లో కన్నుమూసిన ఆ తల్లి లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా, ఆకలితో గడప తొక్కిన ప్రతివాళ్లకూ అన్నం పెట్టింది. గోదావరి పాయలు దాటి అలసి వచ్చే బాటసారులకు ఆ ఇల్లే దిక్కు. గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయపై, కాలువ నీటిని నది దాటించే వంతెన అయిన అక్విడెక్టుకూ ఆమె పేరే. ప్రతి బడి వంటగది గోడ మీద ఆమె బొమ్మ, కింద నాలుగు వాక్యాల కథ రాయించాలి. వండి వడ్డించే ఆయమ్మలకు గౌరవ వేతనం నెలనెలా ఆలస్యం లేకుండా ఇవ్వాలి.

- ఒక పాఠకురాలు, అమలాపురం