హుషారు పేరుతో చెల్లిపోతున్న హింస

సంపాదకుడు గారికి,

కచేరీల్లో జరుగుతున్న గొడవల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. అటు తిప్పి ఇటు తిప్పి చాలామంది తేల్చేది ఒకటే. ఆ పాటలే అలాంటివి, ఆ జనమే అలాంటివాళ్లు, ఇంట్లో కూర్చుని వింటే ఏం పోతుంది అని. పాటంటే ప్రాణం పెట్టేవాణ్ణి, వీలు దొరికితే లైవ్ షోకి పరుగెత్తేవాణ్ణి కనుక ఈ తీర్పుకు నా జవాబు కూడా రాయాలనిపించింది.

ముందు పాటల సంగతి చూద్దాం. 2015 నవంబరు 13న పారిస్‌లోని బాతక్లాన్ హాల్లో రాక్ కచేరీ నడుస్తుండగా తుపాకులతో చొరబడి 90 మందిని చంపేశారు. 2017 మే 22న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ అరీనాలో పాప్ గాయని ఆరియానా గ్రాండే షో అయిపోయి పిల్లలు బయటికి వస్తున్నప్పుడు బాంబు పేలి 22 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో కంట్రీ సంగీతం వింటున్న జనం మీద ఒకడు హోటల్ 32వ అంతస్తు నుంచి కాల్పులు జరిపాడు. చనిపోయినవాళ్ల లెక్క చివరికి 60కి చేరింది. 2024 మార్చి 22న మాస్కో శివారులోని క్రోకస్ సిటీ హాల్లో అయితే కచేరీ ఇంకా మొదలే కాలేదు. అక్కడ 140 మందికి పైగా బలయ్యారు. ఒకచోట రాక్, ఒకచోట పాప్, ఇంకోచోట కంట్రీ, చివరిచోట అసలు పాటే లేదు. ఇందులో ఏ రాగం ఎవరిని రెచ్చగొట్టినట్టు? వేలమంది ఒకేచోట గుమిగూడి ఉంటారు, ఎవరి కళ్లూ స్టేజ్ మీద నుంచి పక్కకు పోవు. హంతకులకు కావాల్సింది అదే.

ఇలాంటి దాడుల ముందు మామూలు శ్రోత చేయగలిగింది తక్కువే. కానీ బొత్తిగా ఏమీ లేదనీ అనలేం. మాంచెస్టర్ ఘటన మీద జరిగిన విచారణ 2021లో ఇచ్చిన నివేదికలో ఒక విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. పిల్లల కోసం బయట ఎదురుచూస్తున్న ఒకాయనకు, పెద్ద బ్యాగుతో కూర్చున్న ఒక మనిషిని చూసి అనుమానం వచ్చింది. బాంబు పేల్చినవాడు అతనే. వెళ్లి అక్కడ జనాన్ని చూసుకునే స్టీవార్డుకు చెప్పాడు. ఆ స్టీవార్డు సరిగ్గా పట్టించుకోలేదు. ఒక కుర్ర సెక్యూరిటీ గార్డు రేడియోలో కంట్రోల్ రూమ్‌కు చెప్పబోతే లైను దొరకలేదు. చూసినవాడు చూశాడు, చెప్పాల్సినవాడు చెప్పాడు. వినాల్సిన చోటే వినలేదు.

నేను అసలు రాయాలనుకున్నది మాత్రం వేరే హింస గురించి. బయటినుంచి వచ్చిన దాడిని అందరం ఖండిస్తాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మన మధ్యే పుట్టే హింసను హుషారు అంటాం. మోచేత్తో పక్కవాడి పక్కటెముకల్లో పొడిచి ముందుకు తోసుకుపోతే హుషారు. గుంపులో ఆడపిల్లల మీద చేతులు వేస్తే రద్దీ. స్టేజ్ మీదకి సీసా విసిరితే అభిమానం. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో పాడుతున్న బీబీ రెక్సా ముఖానికి ఒకడు ఫోన్ విసిరి కొట్టాడు. ఆమెకు కుట్లు పడ్డాయి. ఎందుకు విసిరావంటే, తగిలితే సరదాగా ఉంటుందనుకున్నానన్నాడు! టికెట్ కొనుక్కుని, లైన్లో నిలబడి, షో చివరిదాకా ఉండి, ఆమె పాటలన్నీ విని, ఆపైన చేసిన పని ఇది.

ఇదేదో ఈ తరం జబ్బు అనుకునే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్లకు 1969 డిసెంబరు 6 గుర్తు చేయాలి. కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ అనే రేస్ ట్రాక్ దగ్గర రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండు ఉచిత కచేరీ. దాదాపు మూడు లక్షల మంది వచ్చారు. స్థలం చివరి నిమిషంలో మార్చారు. స్టేజ్ దాదాపు మనిషి నడుము ఎత్తే ఉంది. దాని చుట్టూ కాపలాకు హెల్స్ ఏంజెల్స్ అనే బైకర్ల ముఠాను పెట్టుకున్నారు. వాళ్లకు ముట్టింది 500 డాలర్ల బీరు అని చెప్తారు. తాగిన ముఠా చేతిలో బిలియర్డ్స్ కర్రలు, ఎదురుగా జనసముద్రం. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే బ్యాండు గాయకుణ్ణి కచేరీ మధ్యలోనే స్పృహ తప్పేలా కొట్టారు. చీకటి పడ్డాక 18 ఏళ్ల కుర్రాణ్ణి స్టేజ్ ముందే పొడిచి చంపారు. శాంతి, ప్రేమ అని పాడుకున్న తరం అది.

ముప్పై ఏళ్ల తర్వాత, 1999 జూలైలో, వుడ్‌స్టాక్ అనే పాత సంగీతోత్సవం పేరుతో మళ్లీ పండగ చేశారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాత వైమానిక స్థావరం. కింద సిమెంటు, తారు, పైన 38 డిగ్రీల ఎండ, నీడ కరువు. మంచినీళ్ల సీసా 4 డాలర్లు. మరుగుదొడ్లు పొంగి పొర్లాయి. గుంపుల్లో ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆఖరి రాత్రి తుపాకీ హింసకు నిరసనగా వెలిగించమని కొవ్వొత్తులు పంచితే, వాటితోనే మంటలు పెట్టారు. తప్పంతా ఆ బ్యాండ్లదే అని అప్పట్లో చాలామంది రాశారు. నాలుగు రోజులు జనాన్ని ఎండలో మాడ్చి, దాహానికి రేటు పెట్టిన నిర్వాహకుల పేర్లు మాత్రం అంత గట్టిగా వినపడలేదు. అలాగని మంట పెట్టినవాణ్ణి, పిల్ల మీద చేయి వేసినవాణ్ణి ఎండ ఖాతాలో వదిలేయడం నాకు ఇష్టం లేదు. అదే ఎండలో, అదే దాహంతో ఎవరి జోలికీ పోకుండా పాట విన్నవాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

స్వీడన్‌లో బ్రోవల్లా ఉత్సవం గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. 2017లో అక్కడ అత్యాచారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాక మరుసటి ఏడాది ఉత్సవాన్నే రద్దు చేశారు. 2018లో గోథెన్‌బర్గ్‌లో మగవాళ్లకు ప్రవేశం లేని ఉత్సవం ఒకటి పెట్టారు. దాని మీద వాదనలు బాగానే జరిగాయి, జరగనివ్వండి. భయం లేకుండా పాట వినడానికి ఆడవాళ్లు వేరే ఉత్సవం పెట్టుకోవాల్సి వచ్చిందంటే మగ అభిమానిగా నాకు తలవంపుగా ఉంది.

మరి ఇంట్లోనే వినొచ్చు కదా అంటారు. వినొచ్చు, వింటున్నాను కూడా. కానీ లైట్లు ఆరిపోయి, డ్రమ్మర్ రెండు కర్రలు తాటిస్తూ నాలుగు లెక్కపెట్టే ఆ క్షణం హెడ్‌ఫోన్స్‌లో దొరకదు. బేస్ గిటార్ మోత చెవికి కాదు, ఛాతీకి తగులుతుంది. గాయకుడు పల్లవి సగంలో ఆపి మైకు మనవైపు తిప్పితే, ముక్కూమొహం తెలియని వేలమంది మిగతా సగం అందుకుంటారు. హెవీ మెటల్ అనే మోత రాక్ కచేరీల్లో ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ ఎగిరే గుంపుల్ని చూసి బయటివాళ్లు జడుసుకుంటారు గానీ, అందులో ఉన్నవాళ్లకు ఒక నియమం తెలుసు. ఎవరన్నా కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి, చంకల కింద చేతులేసి లేపాలి. ఆ నియమం పాటించినచోట ఎంత గోలగా ఉన్నా నాకు భయం వేయదు.

ఆటకూ హింసకూ మధ్య గీత ఎక్కడుందో తెలిసిన కళాకారులూ ఉన్నారు. అమెరికాలో ఫుగాజీ అనే బ్యాండు ఉండేది. వాళ్ల టికెట్ ధర చాలాకాలం 5 డాలర్లే. జనంలో ఎవడైనా పక్కవాళ్లను కొడుతుంటే పాట ఆపేసి, మర్యాదగా హెచ్చరించేవాళ్లు. వినకపోతే 5 డాలర్లు పెట్టిన కవరు చేతిలో పెట్టి బయటికి పంపేవాళ్లు. నీ డబ్బు నీకిచ్చేశాం, ఇక నీకు ఇక్కడ హక్కు లేదు, అంతే. బౌన్సర్లతో కొట్టించి పంపడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. షో మధ్యలో ఆపితే మూడ్ పాడవుతుందని గొణిగే అభిమానుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆపడం ఎందుకు అవసరమో తెలియాలంటే ముందు వరసలో ఒక్కసారి నిలబడాలి. చదరపు మీటరులో ఐదారుగురు దాటితే మన కాళ్లు మన మాట వినవు, గుంపు ఎటు ఊగితే అటు పోతాం. చేతులు పైకి తీద్దామన్నా రావు. చాలామంది అనుకున్నట్టు కాళ్ల కింద నలిగి కాదు, ఎక్కువమంది ఊపిరాడకే చనిపోతారు, ఒక్కోసారి నిలబడి ఉండగానే. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో పర్ల్ జామ్ అనే బ్యాండు పాడుతుండగా తోపులాటలో 9 మంది ప్రాణాలు పోయింది ఊపిరాడకే. అక్కడ ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు. వెనకున్నవాళ్లు తోశారు, అంతే.

ఇక చట్టాల మాట. మాంచెస్టర్‌లో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడితే 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది. 200 మంది, అంతకు మించి చేరే చోట్లలో దాడి జరిగితే జనాన్ని ఎలా కాపాడాలో ముందే ప్రణాళిక ఉండాలి. 800, అంతకు మించితే బాధ్యతలు ఇంకా ఎక్కువ. అమలుకు కనీసం రెండేళ్ల గడువిచ్చారు. మంచిదే. కానీ దాడి జరిగాకే చట్టాలు పుట్టడం నాకు మింగుడుపడదు. ఈమధ్య నేను వెళ్లిన ఒక షోలో ఎగ్జిట్ అని పచ్చగా వెలుగుతున్న బోర్డు కిందే టీషర్టులు అమ్మే బల్ల వేశారు. ఇదేంటని అడిగితే, "అవసరమైతే పక్కకి జరిపేస్తాం సార్" అన్నాడు కుర్రాడు. అవసరమైనప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరుంటారని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. గేటు దగ్గర నా నీళ్ల సీసా లాక్కోవడంలో చూపిన శ్రద్ధ దీనిమీద ఎవరికీ లేదు.

అభిమానులం టికెట్ ధర గురించి, సౌండ్ గురించి, పాడని పాట గురించి రోజుల తరబడి పోట్లాడతాం. తలుపుల గురించి ఒక్కరం నోరు విప్పం. మీ పత్రికకు నా విన్నపం కూడా దీని గురించే. కచేరీ మీద సమీక్ష వేసినప్పుడు రెండు వాక్యాలు అదనంగా రాయించండి. లోపల నీళ్లు ఉచితంగా దొరికాయా, వేధింపులు జరిగితే చెప్పుకోవడానికి ఎవరైనా కనిపించారా, షో అయ్యాక జనం బయటపడటానికి ఎన్ని నిమిషాలు పట్టింది. మీ విలేఖరి ఎలాగూ ఆ జనంతోనే బయటికి రావాలి, గడియారం చూసుకుంటే చాలు.

ఇట్లు,
ఒక సంగీతాభిమాని