రేయ్ మధూ, మనసు కుదుటపడింది

తిరుపతి,
ఆదివారం రాత్రి

రేయ్ మధూ,

సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు యూనివర్సిటీ గ్రౌండు గట్టు మీద కూర్చోని ఒక మాట చెప్పినా, గుర్తుందా? నాకు బీడీఎస్ఎం, అంటే ఇద్దరూ ఒప్పుకోని కట్టేయడం, ఒకరి మాట ఇంకొకరు వినడం, కాస్త నొప్పి ఉండే శృంగారం, ఇష్టమని, పదేండ్లుగా ఎవురికీ చెప్పలేదని. నువ్వు కాసేపు గమ్మునుండి, "ఎవురినైనా బలవంతం చేసినావా?" అని ఒక్కటే అడిగినావు. లేదని నేనంటే, "ఐతే పద, టీ తాగదాం" అన్నావు. ఆ టీ రుణం తీరేది కాదురా.

ఆ ధైర్యంతోనే మనుషుల్ని వెతికినా. మొదట తగిలినోడు మంచోడు కాదు. రెండో రోజే ముఖం ఫోటో, ఆఫీసు అడ్రసు అడిగినాడు. సేఫ్ వర్డ్, అంటే ఆపమనడానికి ముందే అనుకునే మాట, దాని ఊసెత్తితే, "నిజమైనోళ్ళకి అవన్నీ ఎందుకు" అన్నాడు. నంబరు బ్లాక్ చేసేసినా, నెల రోజులు ఫోన్ మోగితే చాలు గుండె దడ. ఊళ్ళో తెలిస్తే అమ్మ నలుగుర్లో తల ఎట్ట ఎత్తుకుంటుంది?

తర్వాత కింకీ కలెక్టివ్ అని, ఇట్టాంటి ఇష్టాలున్నోళ్ళ గుంపు గురించి తెలిసింది. 2011 నుంచి మన దేశంలోనే సమ్మతి గురించి మాట్లాడతా ఉండారు. అట్ట ఒకరి ద్వారా ఒకరు పరిచయమై, పోయిన నెల బెంగుళూరులో మంచ్‌కి పోయినా. మంచ్ అంటే ఏమో అనుకోవద్దు. మామూలు బట్టలేసుకోని, మామూలు హోటల్లో కూర్చోని, తిని మాట్లాడుకోవడం, అంతే. 1990ల్లో కాలిఫోర్నియాలో మొదలైన అలవాటంట.

చిత్తూరు, పలమనేరు దాటేదాకా వెనక్కి తిరిగొచ్చేద్దామనే ఉండాది. హోటల్లోకి పోతానే యాభై ఏండ్ల అక్క ఒకామె లేచి, "షేక్ హ్యాండా, నమస్తేనా?" అని అడిగింది. "నమస్తే చాలక్కా" అన్నా. నవ్వతా చేతులు జోడించింది. ముఖంలో ఏ మార్పూ లేదు. చాలంటే వినకుండా ఇంకో బూరె వేసేసే పెండ్లి బంతుల్లో పెరిగినోళ్ళం కదరా మనం. వద్దన్న మాట అంత తేలిగ్గా చెల్లడం నేను పుట్టి బుద్ధెరిగినాక అదే మొదటిసారి.

ఆ అక్కే సంచిలోంచి ఒక కత్తెర తీసి చూపించింది. మొన మొద్దుగా, పక్కకి వంగి ఉండాది, ఆంబులెన్సులో బట్టలు కోసే రకం. తాడు కట్టినప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కినా, మణికట్టు పైకి లేవకపోయినా ముడి విప్పతా కూర్చోకూడదంట, కోసేయాల. జబ్బ కాడ నరం నలిగితే చెయ్యి వేలాడిపోతుంది, కోలుకోడానికి నెలలు పట్టచ్చు. "తాడు మళ్ళీ కొనుక్కోవచ్చు నాయనా" అనింది. సేఫ్ వర్డ్‌లు రంగుల్లో చెప్పుకుంటారంట: పచ్చ అంటే సరే, పసుపు అంటే నిదానం, ఎరుపు అంటే ఉన్నపళంగా ఆపు. నోరు కట్టేసి ఉంటే చేతిలో తాళాలగుత్తి పెట్టుకోవాల, అది కింద పడితే ఆట ఆగినట్టే. అయిపోయినాక నీళ్ళిచ్చి, దుప్పటి కప్పి, పక్కన కూర్చునేదాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు.

18 నిండనోళ్ళని దగ్గరికే రానీరు. ఒప్పుకున్నా సరే, తీవ్రమైన గాయం చేస్తే చట్టం కాపాడదని కూడా గట్టిగా చెప్పినారు. ఇంకోటి విను. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టీలో, ఇద్దరికీ ఇష్టమై చేసుకునేది జబ్బు కాదు. ఆ మాట విన్నప్పుడు నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. నాకేదో రోగమనుకోని పెండ్లి సంబంధాలన్నీ తప్పించుకున్నా కదా, ఆ ఏండ్లు గుర్తొచ్చి.

రాత్రి బస్సు ముళబాగిలు దాటినాక అక్క మెసేజు: "ఇల్లు చేరినాక చెప్పు."

వచ్చే నెల మళ్ళా పోతా ఉండా. దామలచెరువు మామిడికాయలు ఒక పెట్టె తేవచ్చా అని అడిగినా. "రెండే తే, చక్కెర జబ్బు నాకు" అనింది. రెండే కొంటా, బాగా మాగినవి ఏరి.

నీ
చిన్నోడు