పిండి బస్తాలు మోసిన సైకిలన్నకు కృతజ్ఞతలు

ఆఫ్రికాలోని మలావీ దేశంలో, దక్షిణాన ములాంజే జిల్లాలో ఓ పల్లె. అక్కడి పేద పిల్లలకు మా చర్చి పొద్దుటి జావ ఖర్చు పెట్టుకుంటోంది. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో కాస్తారు, లికుని ఫాలా అంటారు. జనవరి నుంచి మార్చి దాకా, కొత్త పంట ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో, ఇళ్లలో గింజలు నిండుకుంటాయి.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వాన తెరిపిచ్చినా దారి కోసుకుపోయి, పిండి బండి వాగు అవతలే ఆగిపోయింది. పాలుపోక నిలబడి ఉంటే కబాజా నడిపే అన్న ఒకాయన వచ్చారు. సైకిలు మీద మనుషుల్ని చేరవేయడం ఆయన బతుకుతెరువు. ఎవరూ అడగకముందే సైకిలు చెట్టుకు ఆనించి, తన వానకోటు విప్పి బస్తాకు చుట్టి, నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలోకి దిగారు. ఆయన నిలువునా తడిశారు, పిండి మాత్రం పొడిగా ఒడ్డు చేరింది. ఆ కోటునే మళ్లీ మళ్లీ చుట్టి బస్తాలన్నీ తెచ్చారు. అక్కడి డబ్బు క్వాచాలు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "పిల్లలు తినాలి కదా" అన్నారు, అంతే.

డబ్బు పంపడం మాకు తేలికే. ఆ వాగులో దిగడం అందరివల్లా అయ్యే పని కాదు.

అన్నా, మా సంఘమంతటి తరఫున మీకు శతకోటి వందనాలు. దేవుడు మిమ్మల్నీ మీ ఇంటివాళ్లనీ చల్లగా చూడాలి.